చైనా అక్షరం ‘థువో’: అప్పగింత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చైనీస్ కాగితాలు తెలుగులోకి అనువదించడం నా పని. సాయంత్రాలు కొందరికి ఆ భాష నేర్పుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ఒక్క అక్షరం దగ్గర పాఠం ఆగిపోతుంది. ఒకరు దీన్ని ఎయిర్‌పోర్టులో చూశామంటారు, ఒకరు పవర్ ఆఫ్ అటార్నీలో చూశామంటారు, ఇంకొకరు సీరియల్లో ఏడుస్తూ ఎవరో అన్నారంటారు. అన్నిచోట్లా ఉన్నది ఒకే అక్షరమా అని అడుగుతారు. ఒకటే. ఇన్నాళ్లుగా వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఏ అక్షరం ఇది? చూడ్డానికి ఎలా ఉంటుంది?

ఫోన్‌లో చైనీస్ పిన్‌యిన్ (చైనీస్ ఉచ్చారణని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి) కీబోర్డు పెట్టుకుని టీ, యూ, ఓ అనే ఇంగ్లిష్ అక్షరాలు కొట్టండి. పైన ఒక వరస అక్షరాలు వస్తాయి. వాటిలో ఎడమ పక్క ‘చెయ్యి’ గుర్తు ఉన్నవి కొన్ని కనిపిస్తాయి. వాటిలో గీతలు ఎక్కువున్న ఒకటి ‘ఈడ్చడం’. అన్నిటికన్నా తక్కువున్నది, 6 గీతలది, మన అక్షరం.

చేత్తో రాసి చూస్తే బాగా గుర్తుంటుంది. ముందు చెయ్యి: చిన్న అడ్డగీత, దాన్ని కోస్తూ పైనుంచి కిందికి ఒక నిలువు గీత, అడుగున ఎడమకి చిన్న కొక్కెం, తర్వాత కింద ఎడమ నుంచి కుడికి ఎగబాకే గీత. అయిపోయింది చెయ్యి. కుడి పక్క ఇంకో మూడు: పైన ఏటవాలుగా చిన్న గీత, దాని కింద అడ్డగీత, ఆ అడ్డగీతను దాటుకుంటూ దిగి కుడికి తిరిగి చివర పైకి లేచే కొక్కెం గీత.

ఆ కుడి పక్క భాగం ఏమిటో క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు తన నిఘంటువులో రాశాడు. అదొక మొక్క బొమ్మ అట. పైన వాలిన కంకి, మధ్య అడ్డగీత నేల, కింద వేరు. మన అక్షరంలో అది ధ్వని కోసమే ఉంది, అర్థం కోసం కాదు. ‘ఇల్లు’ అనే అక్షరంలో కూడా పైకప్పు కింద ఇదే మొక్క ఉంటుంది. అదీ ధ్వని కోసమే. అయినా నేల దాటి వేరు దిగిన ఆ మూడు గీతల్ని రాస్తున్నప్పుడల్లా నాకు బాగుంటుంది.

ఎలా పలకాలి?

థువో. ‘థ’కి ఒత్తు ఉండాలి. పిన్‌యిన్‌లో టీ అని రాసేది మన థ, డీ అని రాసేది మన త, బీ అని రాసేది మన ప. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్లకి ఇక్కడే టెన్షన్. మనకి త, థ రెండూ బళ్లో దిద్దిన అక్షరాలే కాబట్టి కొంచెం శ్రద్ధ పెడితే చాలు. ఒత్తు మరిచిపోయి ‘తువో’ అన్నారంటే అది ‘చాలా’, ‘ఎక్కువ’ అనే వేరే మాట అయిపోతుంది.

చైనీస్‌లో గొంతు ఎత్తే, దించే తీరుని బట్టి మాట అర్థం మారిపోతుంది, ఆ తీరునే స్వరం అంటారు. దీనిది మొదటి స్వరం. పై స్థాయిలో ఎత్తుకుని, కదలకుండా, సంగీతం టీచరు ‘సా’ పట్టించినట్టు నిలబెట్టాలి. ఇక్కడ నేను మాటలన్నీ ఈ పద్ధతిలోనే, చెవికి వినపడినట్టు రాస్తున్నాను. చరిత్రలోని పేర్లు మాత్రం మన పేపర్లలో అలవాటైనట్టే ఉంచాను.

దీన్ని రెండు రకాలుగా రాస్తారని విన్నాను. నిజమేనా?

నిజమే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది.

పూర్వం ఇవి రెండు వేర్వేరు అక్షరాలు. రెండిటికీ కుడి పక్క ఆ మొక్కే. ఎడమ పక్కే తేడా. ఒకదానికి చెయ్యి గుర్తు: అరచేతి మీద పెట్టి మోయడం అని అర్థం. ఇంకోదానికి ‘మాట’ గుర్తు: మాట చెప్పి ఒకరికి అప్పగించడం. ఆ మాట గుర్తుకే 7 గీతలు, మొత్తం 10. షూ షెన్ ఈ రెండోదానికి రాసిన అర్థం ఒకే ఒక్క మాట, ఒకచోట ఉంచడం. మనం ఊరెళ్తూ పెట్టెని పక్కింట్లో ఉంచినట్టు.

1950ల్లో చైనా ప్రభుత్వం లిపిని సులువు చేసినప్పుడు మాట గుర్తున్న రూపాన్ని పక్కనపెట్టి రెండు పనులకూ చెయ్యి గుర్తున్న రూపాన్నే ఖాయం చేసింది. అందుకే ఈ రోజు బీజింగ్‌లో అచ్చయ్యే పుస్తకంలో ట్రేకీ, అప్పగింతకీ ఒకే అక్షరం. తైవాన్‌లో అలా కాదు. అక్కడ ట్రే చెయ్యి గుర్తుతో, అప్పగింత మాట గుర్తుతో ఇప్పటికీ విడివిడిగా రాస్తారు. జపాన్‌లో కూడా అప్పగింతకి మాట గుర్తే.

ఏది సరైనది అని పిల్లలు అడుగుతారు. చదివేవాళ్లు ఎక్కడివాళ్లో చూసుకుని రాయండి, అంతే. నా వరకు నాకు రెండూ కావాలనిపిస్తుంది. మనవాళ్లు ‘చేతిలో చెయ్యేసి మాట ఇవ్వు’ అంటారు కదా, అందులో చెయ్యీ ఉంది, మాటా ఉంది.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

అప్పగించడం. పని విషయమైతే పురమాయించడం కూడా సరిపోతుంది. మనిషిని, వస్తువుని, ఆస్తిని అయితే అప్పగించడమే.

‘ఇవ్వడం’ అని మాత్రం అనువదించకండి. ఇచ్చింది అవతలివాళ్లదైపోతుంది. థువో చేసింది అవతలివాళ్లది కాదు. అది వాళ్ల చేతిలో ఉంటుంది, వాళ్ల పూచీ మీద ఉంటుంది, కానీ ఇంకొకరిది. ఈ అక్షరం కనపడిన ప్రతిచోటా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం మాటలు నిఘంటువు చూడకుండానే తెలిసిపోతాయి.

మన పెళ్లిళ్లలో అప్పగింతల ఘట్టం తలుచుకోండి. చాలా ఇళ్లల్లో పెళ్లికూతురి అరచేతులు పాలలో ముంచి అత్తమామల చేతులకి అద్దిస్తారు. తల్లి ఏదో చెప్పబోతుంది, గొంతు రాదు. చైనీస్‌లో ఆడపిల్ల తన జీవితాన్ని ఒకరి చేతిలో పెట్టడాన్ని ‘థువోఫు చుంగ్‌షెన్’ అంటారు, అంటే జీవితకాలాన్ని అప్పగించడం. తప్పు మనిషి చేతిలో పడితే దానికీ ఒక నాలుగక్షరాల నానుడి ఉంది: అప్పగించినవాడు తగినవాడు కాదు అని. అది పెళ్లికే కాదు, పనికీ, డబ్బుకీ వాడతారు.

వాక్యంలో ఎలా వాడాలి?

రెండు నమూనాలు పట్టుకుంటే చాలు.

మొదటిది పనికి. ‘వో థువో థా మాయ్ యీ పెన్ షూ.’ నేను, థువో, అతను, కొను, ఒక పుస్తకం. ‘నాకొక పుస్తకం కొనిపెట్టమని అతనికి చెప్పాను.’ థువో తర్వాత మనిషి, ఆ తర్వాత పని. ఊరి నుంచి వచ్చేవాళ్లతో మందులు తెప్పించుకోవడం, పచ్చడి పంపించడం, అన్నిటికీ ఇదే.

రెండోది మనిషికో వస్తువుకో. ‘పా హాయ్‌త్సు థువో కెయ్ లిన్‌చ్యూ.’ పిల్లాణ్ణి పక్కింటివాళ్లకి అప్పగించడం. ఇందులో ‘కెయ్’ అంటే ‘కి’ అనుకోండి.

‘అడగడం’కి వేరే మాటలున్నాయి కదా, తేడా ఏమిటంటారు. ‘ఛింగ్’ మర్యాదగా కోరడం, లేదా భోజనానికి పిలవడం. ‘ఛియో’ బతిమాలడం. ‘రాంగ్’ చెయ్యమనడం, చెయ్యనివ్వడం. వీటిలో మీరు అక్కడే ఉండొచ్చు. థువోలో మాత్రం మీరు చెయ్యలేని చోట, ఉండలేని చోట మీ బదులు ఇంకొకరు నిలబడతారు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఉప్పు అందించమనడానికి థువో వాడితే విన్నవాళ్లకి వింతగా ఉంటుంది.

‘పైథువో’ అంటే ప్లీజ్ అనుకోవచ్చా?

చాలాసార్లు అనుకోవచ్చు. ‘పై’ అంటే వంగి నమస్కరించడం. నమస్కరించి అప్పగించడం అని అక్షరార్థం. తైవాన్‌లో కుర్రాళ్లు విసుగ్గా ‘పైథువో!’ అంటే ‘అబ్బా, ఇక ఆపు!’ అన్నట్టు. ఎన్నికలప్పుడు అభ్యర్థులు చేతులు జోడించి ఓట్లడిగేదీ ఇదే మాటతో.

కానీ ఈ మాట బరువు నాకు తెలిసింది చైనాలో చదువుకునేటప్పుడు. మా హాస్టల్లో కింద గదిలో కాపలా ఉండే పెద్దావిడ ఉండేది. అందరం ఆమెని ‘ఆయీ’ అనేవాళ్లం, పిన్ని అని. కొత్త సంవత్సరం సెలవులకి ఆమె ఊరెళుతూ నా గది తలుపు కొట్టింది. చేతిలో ఒక మట్టి కుండీ, అందులో జానెడు మల్లె మొక్క. ఒక చెయ్యి కుండీ అడుగున, ఇంకో చెయ్యి దాని చుట్టూ. నేను ఒక్క చేత్తో అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. నేను రెండో చెయ్యి కూడా పెట్టేదాకా అలాగే పట్టుకుంది. పెట్టాక వదిలి, తల కొంచెం వంచి, ‘పైథువో నీ ల’ అంది. ఇంక నీదే భారం అన్నట్టు. రోజు విడిచి రోజు నీళ్లు పొయ్యమనీ, కిటికీ వేసి ఉంచమనీ మెట్లు దిగుతూ కూడా చెబుతూనే ఉంది.

ఆ 12 రోజులూ బయటికెళ్లినా నాకు ఆ మొక్క గుర్తొచ్చేది. ప్లీజ్ అని చెప్పి ఉంటే అంతలా గుర్తొచ్చేది కాదేమో.

పాత గ్రంథాల్లో ఈ అక్షరం ఉందా?

చాలాచోట్ల ఉంది. రెండు చెబుతాను.

కన్ఫ్యూషియస్ శిష్యుడు జెంగ్‌జీ మాట ఒకటి కన్ఫ్యూషియస్ మాటల గ్రంథం ‘అనలెక్ట్స్’ ఎనిమిదో భాగంలో ఉంది. ఆరు ‘ఛ్’ల ఎత్తున్న తండ్రిలేని పిల్లాణ్ణి ఎవరికి అప్పగించవచ్చో, వంద ‘లీ’ల (లీ అంటే దూరపు కొలత) రాజ్యభారాన్ని ఎవరి మీద పెట్టవచ్చో, పెద్ద ఆపద ముంచుకొచ్చినా ఎవరు చలించరో, అతను ఉత్తముడేనా? ఉత్తముడే, అంటాడు. అక్కడ ‘అప్పగించడం’ మన థువోనే. ఆనాటి ఛ్ సుమారు 23 సెంటీమీటర్లు. ఆరు ఛ్‌లంటే నాలుగున్నర అడుగులు. ఎవరి నడుమో పట్టుకుని నిలబడే పిల్లాడు. మంచితనానికి ఇంతకన్నా కచ్చితమైన కొలత నేనెక్కడా చదవలేదు.

రెండోది తత్వవేత్త మెన్షియస్‌ది. ఆయన ఛీ దేశపు రాజు షువాన్‌తో అంటాడు: ‘మీ కొలువులో ఒకాయన భార్యాపిల్లల్ని స్నేహితుడికి అప్పగించి ఛూ దేశం వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే వాళ్లు చలికి వణుకుతూ, ఆకలితో మాడుతూ ఉన్నారు. ఆ స్నేహితుణ్ణి ఏం చెయ్యాలి?’ రాజు వెంటనే, ‘తెంచుకోవాలి’ అన్నాడు. ‘మరి అధికారి తన కింది ఉద్యోగుల్ని అదుపులో పెట్టలేకపోతే?’ ‘తీసెయ్యాలి.’ ‘దేశం నాలుగు సరిహద్దుల లోపలా పాలన సరిగా లేకపోతే?’ రాజు అటూ ఇటూ చూసి వేరే సంగతి ఎత్తుకున్నాడు.

రాజుకి అర్థమైంది. ఆ భార్యాపిల్లల కథలోనే దేశమంతా ఉంది. ‘రాజు అటూ ఇటూ చూసి వేరే మాట మాట్లాడాడు’ అన్నది ఇప్పటికీ చైనీస్‌లో సామెతలా వాడతారు, జవాబు తప్పించుకునేవాళ్ల గురించి.

‘థువోకూ’ అనే మాటతో ఒక రాజు కథ చెబుతారు. ఏమిటది?

థువోకూ అంటే తండ్రిలేని బిడ్డని అప్పగించడం. ఆ మాట వినగానే ఏ చైనా మనిషికైనా గుర్తొచ్చేది ఒక్కటే: క్రీ.శ. 223, పైతీ కోట. ఇప్పుడది చోంగ్‌చింగ్ ప్రాంతంలో ఫెంగ్‌జియే దగ్గర యాంగ్‌జీ నదిలో ఉంది. త్రీ గోర్జెస్ డ్యామ్ నీళ్లు పెరిగాక కోట ఉన్న కొండ ద్వీపంలా మిగిలింది.

షూ రాజ్యాన్ని స్థాపించిన లియూ బెయ్ యుద్ధంలో ఓడి ఇక్కడికొచ్చి మంచం పట్టాడు. కొడుకు లియూ షాన్‌కి అప్పుడు పదహారేళ్లు. రాజు తన మంత్రి జూగె లియాంగ్‌ని పిలిపించాడు. ‘నా కొడుకు సాయం చెయ్యదగినవాడైతే సాయం చెయ్యి. వాడు పనికిరానివాడైతే నువ్వే తీసుకో’ అన్నాడు. మంత్రి కన్నీళ్లు పెట్టుకుని, ప్రాణం పోయేదాకా విధేయంగా ఉంటానన్నాడు. మూడో శతాబ్దంలోనే చెన్ షౌ రాసిన చరిత్రలో ఈ సంగతికి ‘థువోకూ’ అన్న మాటే వాడాడు.

నాలుగేళ్లకి, 227లో, ఉత్తరానికి దండయాత్ర బయల్దేరే ముందు జూగె లియాంగ్ ఆ కుర్ర రాజుకి ఒక విన్నపం రాశాడు. అందులో ఒక వాక్యం ఉంది: ఆజ్ఞ అందుకున్న నాటి నుంచి పగలూ రాత్రీ బెంగే, అప్పగించిన పని నెరవేర్చలేక పెద్ద రాజుగారి నిర్ణయానికి మచ్చ తెస్తానేమోనని భయం. ‘అప్పగించిన పని’ దగ్గర ఉన్నది థువోఫు. తనకి పేరు పోతుందని కాదు ఆ భయం. నమ్మినవాడి నమ్మకం తప్పని తేలుతుందేమోనని. 234లో ఆయన యుద్ధశిబిరంలోనే చనిపోయాడు. ఆ రాజ్యం 263లో పడిపోయింది.

ఇది చదివించిన రోజు క్లాసులో ఒకావిడ, ‘మా నాన్న పోయేముందు తమ్ముణ్ణి చూసుకోమని నాకే చెప్పాడండీ’ అని ఊరుకుంది. ఆ రోజు తర్వాతి పాఠం జరగలేదు.

పవర్ ఆఫ్ అటార్నీలో ఈ అక్షరం ఎందుకుంటుంది?

దాన్ని ‘వెయ్‌థువో షూ’ అంటారు, అప్పగింత పత్రం. చైనాతో వ్యాపారం చేసేవాళ్లకీ, అక్కడ మెడిసిన్ చదివే పిల్లల తల్లిదండ్రులకీ ఇది ఎప్పుడో ఒకప్పుడు చేతికొస్తుంది.

ఇందులో రెండు పదాలు జాగ్రత్తగా చూసుకోవాలి. ‘వెయ్‌థువోరెన్’ అప్పగించేవారు. ‘షౌథువోరెన్’ అప్పగింత పుచ్చుకునేవారు. షౌ అంటే స్వీకరించడం. కొత్తలో నేను ఇక్కడ పెద్ద తప్పు చేశాను. కమిటీ సభ్యుణ్ణి ‘వెయ్‌యువాన్’ అంటారు, అంటే నియమితుడు. దాంతో వెయ్ ఉంటే ప్రతినిధే అనుకుని, ‘వెయ్‌థువోరెన్’ ఉన్నచోటల్లా ప్రతినిధి అని రాసేశాను. సరుకు యజమాని కాస్తా ఏజెంటు అయిపోయాడు. సంతకానికి ముందు ఆయన బావమరిది చదివి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. నాకు మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నమ్మి ఇచ్చిన కాగితం కదా. ఇప్పటికీ అలాంటి పత్రం వస్తే ముందు ఆ రెండు పదాలకీ రెండు రంగులు పూసి, తర్వాతే మొదలుపెడతాను.

2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చైనా సివిల్ కోడ్‌లో ఈ రకం ఒప్పందాలకి ఒక అధ్యాయమే ఉంది. పుచ్చుకున్నవారు పనిని స్వయంగా చెయ్యాలి. ఇంకొకరికి అప్పగించాలంటే మొదటివారి అంగీకారం కావాలి. పని ఎంతవరకు వచ్చిందో చెబుతుండాలి. ఇద్దరిలో ఎవరైనా ఎప్పుడైనా వద్దనుకోవచ్చు, దానివల్ల జరిగిన నష్టానికి మాత్రం బాధ్యత ఉంటుంది.

‘శిన్‌థువో’ దీనికి దగ్గరి చుట్టం: నమ్మకం, అప్పగింత. మనం ట్రస్టు అనేదే. 2001 ట్రస్టు చట్టం ప్రకారం ట్రస్టు ఆస్తి, దాన్ని చూసుకునేవారి సొంత ఆస్తి వేర్వేరుగా ఉండాలి. పైన చెప్పానే, చేతిలో ఉన్నా నీది కాదని, దాన్నే చట్టం తన భాషలో చెప్పింది.

ఎయిర్‌పోర్టు బోర్డుల మీద చూశాను. అక్కడ అర్థం?

‘థువోయున్’, లగేజీ చెక్-ఇన్. రవాణా కోసం అప్పగించడం. పిల్లల క్రెష్ ‘థువోఅర్‌సువో’, పిల్లల్ని అప్పగించే చోటు. బడి అయ్యాక అమ్మానాన్నలు వచ్చేదాకా పిల్లల్ని చూసుకునేది ‘థువోకువాన్’ క్లాసు. ఇదే థువోకువాన్ ఐక్యరాజ్యసమితిలో కూడా ఉంది. స్వతంత్రం రాని ప్రాంతాల బాగోగులు చూసిన ధర్మకర్తృత్వ మండలి చైనీస్ పేరులో ఉన్నది ఆ మాటే. చివరి ప్రాంతమైన పలావు 1994 అక్టోబరు 1న స్వతంత్రమయ్యాక, ఆ నవంబరు 1న మండలి పని ఆగింది.

టోఫెల్‌ని చైనీస్‌లో ‘థువోఫు’ అంటారట?

అవును. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లకి ఇది చెబితే చాలా సంతోషిస్తారు. ఎవరైనా ‘బాగున్నారా’ అని అడిగితే పెద్దవాళ్లు ‘థువో నిన్ త ఫు’ అంటారు. మీ పుణ్యమా అని, మీ దయవల్ల బాగున్నాం అని. ఫు అంటే శుభం, భాగ్యం. ఆ రెండక్షరాల్ని టోఫెల్ శబ్దానికి సరిపోయేలా వాడుకున్నారు. పరీక్ష రాయబోయే పిల్లలకి పేరులోనే దీవెన.

తెలుగులో రాస్తే అప్పగింత అనే థువోఫు, ఈ థువోఫు ఒకేలా కనిపిస్తాయి. చివరి అక్షరం స్వరం వేరు. శుభానికి గొంతు పైకి లేస్తుంది, అప్పగింతకి కిందికి దిగుతుంది.

దీనికి చెడ్డ అర్థాలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. సాకు చెప్పి తప్పుకోవడం ‘థుయ్‌థువో’. ఒంట్లో బాలేదని వంక పెట్టడం ‘థువోపింగ్’. భారాన్ని మనిషి మీద కాకుండా ఒక వంక మీద పెట్టేస్తారన్నమాట.

అంతకన్నా చెడ్డది బీజింగ్ వాడుకలో ‘థువోర్’. కొనేవాడిలా నటిస్తూ, జనాన్ని ఎగదోసి సరుకు అమ్మించే మనిషి. ఆసుపత్రుల దగ్గర తిరుగుతూ, దిక్కుతోచని రోగుల్ని మాటల్లో పెట్టి వేరే క్లినిక్‌కి తీసుకుపోయే దళారుల్ని ‘యీథువో’ అంటారు. యీ అంటే వైద్యం. నమ్మి చెయ్యి పట్టుకున్నవాళ్లని అమ్ముకోవడం అది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఈ అక్షరం టాటూ వేయించుకోవచ్చా?

ఒంటరిగా వద్దు. చైనా మనిషి చదివితే ట్రే అనో, కప్పు కింద పెట్టేది అనో, పైన చెప్పిన థువోర్ అనో అనుకోవచ్చు. నమ్మకం కావాలంటే ‘శిన్’ అనే అక్షరం ఉంది, ఎడమన మనిషి, కుడిన మాట.

జపాన్, కొరియాల్లో కూడా ఉందా?

ఉంది, వియత్నాం భాషలోనూ ఉంది. ఇక్కడొక అందమైన సంగతి. పూర్వం చైనాలో ఈ అక్షరాన్ని ‘థాక్’ లాగా పలికేవారు. ఉత్తర చైనాలో చివరి ‘క్’ అరిగిపోయింది. దక్షిణాన కాంటన్ వాళ్లూ, అప్పట్లో అరువు తెచ్చుకున్న పక్క దేశాలవాళ్లూ మాత్రం దాచుకున్నారు. కాంటన్ వైపు ‘థోక్’, వియత్నాంలో ‘థాక్’, జపాన్‌లో ‘తకు’.

కొరియన్ సీరియల్స్ చూసేవాళ్లు ‘పుథాఖే’ అనడం వినే ఉంటారు, ‘నీదే భారం, చూసుకో’ అని. అందులో ‘థాక్’ ఇదే. జపాన్‌లో ‘తకుసెన్’ అని ఒక మాట ఉంది, దేవుడు మనిషి నోటితో పలికించే మాట. మన బోనాల్లో రంగం చెప్పడం లాంటిది. అక్కడ అప్పగించేవాడు దేవుడు, అప్పగింత అయ్యేది మాట. అందుకే ఆ అక్షరానికి మాట గుర్తు పోగొట్టుకోకుండా జపాన్ వాళ్లు ఉంచుకున్నందుకు నాకు సంతోషం.

మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

బౌద్ధం ద్వారా ఉంది. భిక్షువు భిక్షాపాత్ర పట్టుకుని వెళ్లడాన్ని ‘థువోపో’ అంటారు. ఆ ‘పో’ సంస్కృతం ‘పాత్ర’ నుంచి వచ్చింది, మన వంటింట్లో ఉన్న పాత్రే. అలాగే చైనా గుళ్లల్లో అరచేతిలో గోపురం మోసే ఒక దేవుడు ఉంటాడు, ఆయన పేరు థువోతోనే మొదలవుతుంది. మూలం వైశ్రవణుడు, అంటే మన కుబేరుడు.

చనిపోయినవాళ్లు కల్లోకి రావడానికీ ఇదే అక్షరమా?

‘థువోమంగ్’. పోయినవాళ్లు చెప్పాల్సిన మాటని కలకి అప్పగిస్తారు. తాతయ్య కల్లో కనిపించి చలేస్తోందన్నాడని, సమాధి దగ్గరికెళ్లి కాగితం బట్టలు కాల్చి వచ్చేవాళ్లున్నారు. మన ఇళ్లల్లో కూడా ‘అమ్మ కల్లోకి వచ్చింది, ఆకలని అంది’ అని ఎవరికో అన్నం పెట్టి వస్తారు. దీనికి ఇంక వివరణ ఎందుకు.

ఎవరైనా మనతో ‘పైథువో నీ ల’ అంటే ఏం జవాబు చెప్పాలి?

‘ఫాంగ్ శిన్’ అనండి. ఫాంగ్ అంటే కింద పెట్టడం, శిన్ అంటే మనసు (నమ్మకం అనే శిన్ వేరే అక్షరం). మనసు కింద పెట్టండి, నిశ్చింతగా ఉండండి అని. చెయ్యలేని పని అయితే ఆ మాట అనకండి, ముందే చెప్పెయ్యండి. పని పూర్తయ్యాక ‘పాన్ హావ్ ల’ అని కబురు పెట్టండి, అయిపోయింది అని. అడిగేదాకా ఆగొద్దు.

మా ఆయీ సెలవులయ్యాక సరాసరి నా గదికొచ్చింది, కోటు కూడా విప్పలేదు. మొక్కకి రెండు ఆకులు పండి రాలాయి, కొత్తగా ఒక చిగురు వచ్చింది. రాలిన ఆకులు పారెయ్యకుండా కుండీ పక్కనే ఉంచాను, చూపించాలి కదా అని. ఆమె వాటిని చూసింది, చిగురుని వేలితో తాకింది, రెండు చేతులతో కుండీ తీసుకుంది. ఊరి నుంచి తెచ్చిన వేరుశనగల పొట్లం నా బల్ల మీద పెట్టి వెళ్లింది.